పన్నెండు రోజుల మందు

బుగాసోంగ్
24 ఆగస్టు 1986

మనాంగ్ పెతాంగ్,

అక్కా, సెబూ నుంచి నువ్వు పంపిన పార్సెలు మంగళవారం అందింది. పాలపొడి డబ్బాకి సొట్టపడింది గానీ లోపల బాగానే ఉంది. గౌన్లు జోవెలిన్‌కి నాలుగు వేళ్ళు పొడుగయ్యాయి. అంచు మడిచి కుట్టాను, వచ్చే ఏడాదికి విప్పుకోవచ్చు. ఇన్నేళ్ళుగా పిల్లల వార్డులో నర్సు పని చేస్తున్నావు, పిల్లల కొలతలు మాత్రం నీకు రావు.

ఇక్కడ అంతా మామూలే. మా ఆయన క్రిస్పులో అక్టోబరులో మళ్ళీ చెరుకు కొట్టడానికి నెగ్రోస్ దీవికి వెళతాడు. మేస్త్రీ వచ్చి పేర్లు రాసుకుపోయాడు. ఆయన మళ్ళీ మే నెలలోనే రావడం. అప్పటిదాకా ఇంట్లో నేనూ, అత్తా, పిల్లా, మగ్గమూ. పండక్కి ఆరు గళ్ళబట్టలు ఒప్పుకున్నాను. రెండు మగ్గం మీంచి దిగాయి.

జోవెలిన్‌కి ఇరవై ఒకటో నెల. మాటలు ఇంకా రాలేదు. "అ" అంటుంది, "మ్మ్" అంటుంది. ఏదైనా కావాలంటే నా చెయ్యి పట్టుకుని దాని దగ్గరికి లాక్కుపోతుంది. పక్కింటి ఎస్తెలా కూతురు దీనికన్నా రెండు నెలలు చిన్నది, ఆ పిల్ల అప్పుడే పందిని తిడుతోంది. అత్తని అడిగితే, "మీ ఆయన మూడేళ్ళదాకా నోరు విప్పలేదే. విప్పాక మాత్రం ఏం ఉద్ధరించాడు?" అంటుంది.

మొండిది కూడాను. ఆటలో ఉంటే వెనకనుంచి ఎంత పిలిచినా పలకదు. మొన్న ఆదివారం పిల్లలందరూ చర్చి గంట కింద ఆడుకుంటుంటే గంట కొట్టారు. అందరూ చెవులు మూసుకున్నారు. ఇది వాళ్ళ వంక చూసి, కాస్త ఆలస్యంగా, తనూ మూసుకుంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

అయినా నేను మగ్గం మీద కూర్చుని నూలు బిగించే పలక కొట్టడం మొదలెడితే చాలు, ఇంట్లో ఏ మూలనున్నా లేచి వచ్చేస్తుంది. కాబట్టి వినపడక కాదు.

నీ చెల్లెలు
మినింగ్

*

సెబూ
5 సెప్టెంబరు 1986

మినింగ్,

ఉత్తరం అందింది. ఇప్పుడు నేను చెప్పేది చెప్పినట్టు చెయ్యి. నీ ఇష్టం వచ్చినట్టు మార్చకు.

పిల్ల కడుపు నిండా తిని, నిద్ర తీరి, హుషారుగా ఉన్న పూట చూసుకో. ఎస్తెలాని పిలిచి, పిల్లకి ఎదురుగా కూర్చుని ఏదో ఒక బొమ్మ ఆడించమను. మరీ ముచ్చటైన బొమ్మ వద్దు, దానిలో మునిగిపోతుంది. నువ్వు పిల్ల వెనక, కాస్త పక్కకి, చెయ్యి చాస్తే అందేంత దూరంలో కూర్చో. నీ నీడ పిల్ల ముందు పడకూడదు. నీ గాలి తగలకూడదు. నీ ఒంటికి సబ్బు వాసన కూడా ఉండకూడదు. అప్పుడు గిన్నె అంచుని చెంచాతో మెల్లగా రాయి. కొట్టకు, రాయి. తర్వాత డబ్బాలో గుప్పెడు బియ్యం పోసి ఆడించు. తర్వాత మామూలు గొంతుతో పేరు పెట్టి పిలువు. ఒక్కొక్కదానికీ మధ్య ఆగు. ఆ సమయంలో ఎస్తెలా నీ మొహంలోకి చూడకూడదు, చూస్తే పిల్ల ఆవిడ చూపు పట్టుకుని వెనక్కి తిరుగుతుంది.

ముఖ్యమైన సంగతి. ఇదంతా మన వెదురు నేల మీద చెయ్యకు. ఆ నేల మీద ఒకరు కాలు కదిపితే ఇల్లంతా తెలుస్తుంది. ఆరోగ్యకేంద్రం వరండాలో సిమెంటు నేల ఉంది కదా, అక్కడికి తీసుకెళ్ళు. మగ్గం చప్పుడుకి వస్తోందన్నావు. అది చెవితో వస్తోందో కాళ్ళతో వస్తోందో మనకి తెలియదు.

ఐదుసార్లు చెయ్యి. ఎన్నిసార్లు తిరిగిందో ఉన్నది ఉన్నట్టు రాయి.

ఇంకొకటి. ఎన్నో నెలలో నడిచింది? తూలుతుందా? మసక వెలుతురులో నడిపిస్తే పడిపోతుందా? ఇది కూడా రాయి.

మీ అక్క
పెతాంగ్

*

బుగాసోంగ్
21 సెప్టెంబరు 1986

మనాంగ్ పెతాంగ్,

నువ్వు చెప్పినట్టే చేశాను. ఐదింటికి నాలుగుసార్లు తిరిగింది. ఐదోసారి ఎస్తెలా చేతిలో అరటిపండు చూసి అటే ఉండిపోయింది. ఇక నువ్వు దిగులు పెట్టుకోకు.

నడిచింది పద్దెనిమిదో నెలలో. కొంచెం తూలుతుంది. అందరు పిల్లలూ తూలరా?

నాలుగో బట్ట మొదలెట్టాను. ఎరుపూ పసుపూ గళ్ళు.

మినింగ్

*

సెబూ
2 అక్టోబరు 1986

మినింగ్,

సరే, నాలుగు అంటే మంచిదే. డిసెంబరులో ఇంకోసారి చేసి రాయి. తొందరేం లేదు.

వార్డులో డెంగీ జ్వరాలు. ఊపిరి సలపడం లేదు.

పెతాంగ్

*

బుగాసోంగ్
30 నవంబరు 1986

మనాంగ్ పెతాంగ్,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలెట్టి చింపేశాను. ఇది పంపేస్తాను.

గురువారం పొద్దున రోడ్డు మీద వడ్లు ఆరబోశాం. నేను పార పట్టుకుని తిరగేస్తున్నాను. జోవెలిన్ రోడ్డు వారన చతికిలబడి గింజలు ఏరి వరసగా పేరుస్తోంది. సంత ముందు ఆగిన జీప్నీ వెనక్కి రావడం మొదలెట్టింది. హారన్ కొడుతున్నాడు, క్లీనరు బండి పక్క బాదుతున్నాడు, నేను అరుస్తున్నాను. అది తల ఎత్తలేదు. ఎస్తెలా చేపల బుట్ట పారేసి వచ్చి, దాని జబ్బ పట్టుకుని లాగేసింది. బండి చక్రం బుట్టమీంచి పోయింది.

డ్రైవరు దిగి నా మీదకి వచ్చాడు. "చెవిటిదా ఏంటమ్మా నీ కూతురు? పదిసార్లు కొట్టా హారను!"

ఎస్తెలా ఊరుకుంటుందా? "నీ కళ్ళు ఏ సంతలో అమ్ముకున్నావురా? వెనక చూసుకోవద్దూ? ముందు నా చేపల సంగతి తేల్చు!"

చుట్టూ నలుగురు చేరారు. చెవిటిదన్న మాట అందరి ముందూ పైకి అన్నది వాడొక్కడే. నేను వాడిని తిట్టలేదు.

మనాంగ్, సెప్టెంబరులో నీకు అబద్ధం రాశాను. నాలుగుసార్లు తిరిగిన మాట నిజమే. కానీ వెదురు నేల మీదే కూర్చోబెట్టాను, నువ్వు వద్దన్నా. చెంచా రాసినప్పుడల్లా నా మడమ నేలకి తగిలింది. తగిలిందో, తగిలించానో, నాకే తెలియదు. ఎస్తెలా వెళ్ళేటప్పుడు, "ఇంకోసారి ఎప్పుడైనా చేద్దాంలే" అంది.

నిన్న ఆరోగ్యకేంద్రానికి తీసుకెళ్ళాను. సిమెంటు వరండాలో, నువ్వు రాసినట్టే అన్నీ చేశాను. ఐదింటికి ఒక్కసారీ తిరగలేదు. ఆఖరికి డబ్బా చెవి దగ్గర పెట్టి ఊపాను. జుట్టుకి తగిలితే అప్పుడు తిరిగి, డబ్బా లాక్కుని, మూత తీసి బియ్యం నోట్లో వేసుకుంది.

ఇంకొకటి కూడా రాస్తాను, ఎలాగూ రాస్తున్నాను కాబట్టి. ఇది కడుపులో రెండో నెల ఉండగా గుడ్ ఫ్రైడే నాడు నేను మగ్గం ఎక్కాను. పెళ్ళివాళ్ళ బట్ట, శనివారానికి ఇస్తానన్నాను. తలుపు వేసుకుని, పలక మెల్లగా కొట్టాను. అత్త చూసింది. అప్పుడేమీ అనలేదు. మొన్న గురువారం సాయంత్రం, జీప్నీ సంగతి జరిగాక అంది, "ప్రభువు సిలువ మీద ఉన్న రోజున టకటకలాడించినదానికి ఇంకెలాంటిది పుడుతుందే?" అని. రెండేళ్ళనుంచీ నేను లోపల అనుకుంటున్నదే ఆవిడ పైకి అంది. అందుకే సెప్టెంబరులో సిమెంటు నేల మీద డబ్బా ఊపడానికి నా చెయ్యి రాలేదు.

ఇప్పుడు ఏం చెయ్యాలో చెప్పు.

మినింగ్

*

సెబూ
12 డిసెంబరు 1986

మినింగ్,

శుక్రవారానికీ చెవికీ ఏ సంబంధమూ లేదు. దీనికి నువ్వు కారణం కాదు. ఇది నాకు గట్టిగా తెలుసు. మీ అత్తతో వాదించకు, నువ్వు మాత్రం ఆ మాట నమ్మకు.

ఫిబ్రవరి పదో తారీకున ఇక్కడి చెవుల డాక్టరు దగ్గర వేళ తీసుకున్నాను. ఇలోయిలో పట్నం దాకా బస్సు, అక్కడినుంచి రాత్రి ఓడ. తెల్లారేసరికి రేవులో నేనుంటాను. ఓడెక్కే లోపు పిల్లకి జలుబు చేస్తే వెంటనే రాయి, జలుబుతో పరీక్ష సరిగ్గా రాదు.

ముందుగా చెప్పి ఉంచుతున్నాను. చెవిలో గుబిలి ఉంటే తీస్తారు. లోపల నీరు నిలిచి ఉంటే దానికి వైద్యం ఉంది. అదే అయితే మన అదృష్టం. అది కాక లోపలి నరమే దెబ్బతిని ఉంటే దానికి మందు లేదు, ఆపరేషను లేదు. యంత్రం పెడతారు. మిగిలి ఉన్న వినికిడిని ఆ యంత్రం పెద్దది చేస్తుంది, పోయినదాన్ని తెచ్చివ్వదు. దానితో ఎలా వినాలో పిల్లకి నేర్పాలి. చిన్నప్పుడే మొదలెడితే మాటల్లో చేరుతుంది. అందుకే తొందర.

డిసెంబరు దాకా ఆగమని నేనే రాశాను. ఆ రెండు నెలలూ నా వల్ల పోయాయి.

కారణం సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

పెతాంగ్

*

బుగాసోంగ్
26 ఏప్రిల్ 1987

మనాంగ్ పెతాంగ్,

సెబూ నుంచి మేము వచ్చి ఆరు వారాలయింది. రాయకపోవడానికి కారణం యంత్రం. రోజంతా దానితోనే సరిపోతోంది.

గుండె మీద వేలాడే ఆ యంత్రం పెట్టెకి నేను సంచీ కుట్టాను, వెనక ముడి వచ్చేట్టు. ముడి ముందుకి వస్తే విప్పేస్తోంది. తీగల్ని జాకెట్టు లోపలినుంచి తీసి మెడ వెనక పిన్ను పెట్టాను. మొదటి వారం పొద్దుటికి పది నిమిషాలు, సాయంత్రానికి పది నిమిషాలు. పెడితే ఏడుపు, చెవిలో బిగించే అచ్చు పీకి పారేయడం. ఒకసారి మేక నోట్లోంచి లాగాను. ఇప్పుడు స్నానానికీ నిద్రకీ తప్ప తియ్యనివ్వడం లేదు. చెవిలో అచ్చు వదులైతే ఈల వేస్తుంది. ఆ ఈల దానికి వినపడదు, మాకు వినపడుతుంది. అత్త అరుస్తుంది, "ఒసే, నీ కూతురు రేడియో స్టేషను తప్పింది, చూసుకో!" అని.

వినపడుతున్నవి రాయమన్నావు. ఎస్తెలా డ్రమ్ము మూత పడేస్తే తిరుగుతుంది. కుక్క దగ్గరగా మొరిగితే తిరుగుతుంది. వాన రేకు మీద పడితే పైకి చూస్తుంది. మనిషి గొంతు చెవి దగ్గరైతే వస్తుంది గానీ మాట కాదు, గొంతు మాత్రమే. సన్నటి చప్పుళ్ళు, చెంచా, పిట్ట, ఈల, ఏవీ లేవు. లోపలి నరమే దెబ్బతిందని డాక్టరు చెప్పినట్టే. కింద కూర్చుని, మొహం దాని మొహానికి ఎదురుగా పెట్టి, అరవకుండా, చూస్తున్న వస్తువు పేరు చెబుతున్నాను. "నీళ్ళు. ఇవి నీళ్ళు. నీళ్ళు తాగు." రోజుకి వందసార్లు అంటాను. ఎస్తెలా నవ్వుతుంది, నాకు మతి పోయిందని. నిన్న నా నోటి మీద చెయ్యి పెట్టి, తన నోరు అలాగే తిప్పింది. శబ్దం రాలేదు.

క్రిస్పులో వచ్చే నెల వస్తాడు. పెట్టెని చూస్తే ఏమంటాడో.

ఇప్పుడు ఒకటి అడుగుతాను. ఆ రోజు డాక్టరు నన్ను చూసి ఏదో అడిగాడు. ఇంగ్లీషులో. నేను నీ వంక చూశాను. నువ్వు నాకు చెప్పకుండానే ఆయనకి జవాబు చెప్పావు. చిన్న జవాబు కాదు. ఆయన రాసుకోవడం ఆపి నీ వంక చూశాడు. తర్వాత నువ్వు నాతో, "చిన్నప్పుడు జ్వరం వచ్చిందా అని అడిగాడు, వచ్చిందన్నాను," అన్నావు. జ్వరం వచ్చిందని చెప్పడానికి అంత సేపు పడుతుందా, మనాంగ్?

ఓడలో వస్తూ ఇదే ఆలోచించాను. గుడ్ ఫ్రైడే నాడు అత్త మళ్ళీ ఆ మాట తీసింది. అప్పుడూ ఇదే ఆలోచించాను.

మినింగ్

*

సెబూ
10 మే 1987

మినింగ్,

డాక్టరు అడిగింది, పుట్టిన కొత్తలో ఏ మందులు వాడారు అని.

జోవెలిన్ పుట్టిన పదకొండో రోజున పాలు తాగడం మానేసింది. నీకూ ఒళ్ళు తెలియని జ్వరం, కాబట్టి నీకు చాలా సంగతులు గుర్తుండవు. నేను సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాను. బిడ్డ బొడ్డు చుట్టూ ఎర్రబడింది, ఒళ్ళు కాలిపోతోంది, ఏడుపు కూడా లేదు. ఆరోగ్యకేంద్రం డాక్టరు చూసి ఇంజెక్షన్లు రాశాడు. జెంటామైసిన్, రోజుకి రెండు, ఏడు రోజులు. అక్కడ మందు లేదు. నా పెట్టెలో ఉంది. సెబూ నుంచి వచ్చేటప్పుడు పనికొస్తుందని తెచ్చాను. బిడ్డ బరువు ఎస్తెలా చేపల తక్కెడలో తూచాం. ఆ మందు లేకపోతే బిడ్డ బతికేది కాదు. ఇది నన్ను నేను కాపాడుకోవడానికి రాయడం లేదు. అప్పుడు నేను చూసింది అదే.

ఏడో రోజుకి చాలావరకు తగ్గింది. కానీ సాయంత్రాలు ఒళ్ళు మళ్ళీ వెచ్చబడేది. డాక్టరు ఏదో శిక్షణకని ఇలోయిలో వెళ్ళాడు. అడగడానికి మనిషి లేడు. నా దగ్గర ఇంకా సీసాలున్నాయి. నేను ఆపలేదు. ఇంకో ఐదు రోజులు ఇచ్చాను. మొత్తం పన్నెండు రోజులు.

ఆ మందు ఎక్కువైతే మూత్రపిండాలకీ, చెవి లోపలి నరానికీ దెబ్బ. శరీరం నిలకడ కూడా చెవి లోపలే ఉంటుంది. అందుకే తూలుతుందా అని అడిగాను. ఇది నర్సు చదువులో రెండో ఏడు చెబుతారు. నేను పరీక్షలో రాశాను కూడా. ఆ ఐదు రోజులూ నాకు అది గుర్తు రాలేదు. జ్వరం ఒక్కటే కనపడింది.

గుర్తొచ్చింది తిరిగొచ్చాక, ఓడ దిగిన రోజున. ఆరో నెలలో చెవి పరీక్ష చేయించమని రాయాలనుకున్నాను. రాస్తే ఎందుకని అడుగుతావు. రాయలేదు. పిల్ల బాగుందని నువ్వు రాసిన ప్రతి ఉత్తరం చూసి, ఏమీ కాలేదులే అనుకున్నాను. ఐదింటికి నాలుగు అని నువ్వు రాసినప్పుడు, నిన్ను తెలిసినదాన్ని, ఆ లెక్క నమ్మి ఉండకూడదు. నాకు కావలసిన ఉత్తరం కాబట్టి నమ్మాను.

డాక్టరు ఏమన్నాడంటే, జ్వరం వల్లా కావచ్చు, మందు వల్లా కావచ్చు, రెండూ కలిసీ కావచ్చు, ఇప్పుడు తేల్చి చెప్పలేం. ఏడు రోజులతో ఆపినా ఇలాగే అయి ఉండవచ్చు. ఈ మాటలూ నీకు చెప్పవలసినవే కాబట్టి రాశాను. వీటి చాటున దాక్కోవడం లేదు.

నీ ఎదుటే, నీ కూతురి సంగతి, నీకు రాని భాషలో చెప్పాను. అది కావాలనే చేశాను.

ఈ ఉత్తరం మీ అత్తకి చదివి వినిపించు. గుడ్ ఫ్రైడే మాట ఆవిడ ఇక అనకూడదు.

ఎప్పుడైనా ఎవరైనా ఏ బిడ్డకైనా ఈ మందు పెడితే, బరువు తూచారా, ఎన్ని రోజులు, తర్వాత చెవులు ఎప్పుడు చూస్తారు, ఈ మూడూ అడుగు.

పెతాంగ్

*

బుగాసోంగ్
20 సెప్టెంబరు 1987

పెర్పెతువా గారికి,

మీ ఉత్తరం మే నెలలోనే అందింది. తర్వాతి మూడు ఉత్తరాలూ, బ్యాటరీల పార్సెలూ కూడా అందాయి. పార్సెలు తిప్పి పంపుతున్నాను. బ్యాటరీలు ఇలోయిలోలో దొరుకుతున్నాయి.

చదివి వినిపించమన్నారు. వినిపించాను. అత్త వక్కలు దంచుతోంది. పన్నెండు రోజులు అన్నచోట దంచడం ఆపింది. "ఆ పన్నెండు రోజులూ దాని కాళ్ళు పట్టుకున్నది నేనే కదే," అంది. మళ్ళీ దంచుకుంది. ఆ రోజునుంచి శుక్రవారం మాట అనలేదు. తప్పయిందనీ అనలేదు.

క్రిస్పులోకి కూడా చదివాను. అంతా విన్నాడు. తర్వాత, "చచ్చిపోయేదా అప్పుడు?" అని అడిగాడు. అవునని రాసింది అన్నాను. "మరి?" అన్నాడు. ఆయనకి అంతటితో అయిపోయింది. నాకు కాలేదు.

రెండేళ్ళపాటు ఆదివారం పూజలో మోకాళ్ళ మీద నిలబడి నేను దేనికి క్షమాపణ అడిగానో మీకు తెలుసు. నవంబరులో రాశాను. డిసెంబరులో మీరు, "నువ్వు కారణం కాదు, నాకు గట్టిగా తెలుసు," అని రాశారు. ఎలా తెలుసో రాయలేదు. ఇంకో ఐదు నెలలు నన్ను అలాగే ఉంచారు.

జోవెలిన్ బాగుంది. పెట్టె పని చేస్తోంది.

హెర్మినియా

*

సెబూ
17 జనవరి 1988

మినింగ్,

నువ్వు పూర్తి పేర్లు పెట్టి రాసినా సరే, బ్యాటరీలు మళ్ళీ పంపుతున్నాను. తిప్పి పంపితే మళ్ళీ పంపుతాను.

జూన్‌లో ఇక్కడ కన్యాస్త్రీలు నడిపే బడిలో మూడేళ్ళు నిండిన పిల్లలకి తరగతి మొదలవుతుంది. తొమ్మిది మందిని తీసుకుంటారు. జోవెలిన్ పేరు రాయించాను, నువ్వు వద్దంటే కొట్టేస్తారు. పొద్దున యంత్రంతో వినడం, పెదాలు చదవడం, గొంతు తియ్యడం నేర్పుతారు. మధ్యాహ్నం చేతులతో మాట్లాడటం. మధ్యాహ్నపు టీచరు మిస్ అర్సెలీ కూడా చెవిటి మనిషే. డాక్టరుకి చేతుల భాష ఇష్టం లేదు, దానివల్ల పిల్లలకి నోరు తిరగదంటాడు. జోవెలిన్‌కి మిగిలిన వినికిడి తక్కువ కాబట్టి రెండూ కావాలని సిస్టర్ అంటుంది. నాకు సిస్టర్ మాట సబబుగా అనిపించింది. నిర్ణయం నీది.

నేను శనివారాలు వెళ్ళి ఆ చేతుల భాష నేర్చుకుంటున్నాను. నా వేళ్ళు మొద్దు. పిల్లలు నవ్వుతారు. మొన్న ఐదేళ్ళ పిల్ల ఒకతె, నెనెత్ అని, రాత్రి కలలో తనని కుక్క తరిమిందనీ, తను చెట్టెక్కిందనీ, చెట్టు మీద వాళ్ళ అమ్మ కూర్చుని ఉందనీ చేతులతో చెప్పింది. అంతా నాకు అర్థమయింది.

మీరిద్దరూ రావాలి. తల్లి పక్కన లేకుండా తీసుకోరు. నా గదిలో ఉండటం నీకు ఇష్టం లేకపోతే నేను ఆస్పత్రి హాస్టలుకి మారతాను, గది మీరు వాడుకోండి. ఈ మాట నిష్ఠూరానికి అనడం లేదు. హాస్టలు వాళ్ళతో మాట్లాడి ఉంచాను.

పెతాంగ్

*

బుగాసోంగ్
8 మే 1988

మనాంగ్ పెతాంగ్,

ఫిబ్రవరి పంతొమ్మిదిన నాకు కొడుకు పుట్టాడు. పేరు రోడెల్. కడుపుతో ఉన్నానని నీకు రాయలేదు. రాయకూడదనే రాయలేదు. ఊళ్ళోవాళ్ళని కూడా రాయొద్దన్నాను.

వాడికి తొమ్మిదో రోజున జ్వరం వచ్చింది.

ఇప్పుడు ఆరోగ్యకేంద్రంలో కొత్త డాక్టరు ఉంది, డాక్టర్ విల్యారుస్, చిన్న వయసు మనిషి. వాడిని విప్పి చూసి, పొట్ట నొక్కి చూసి, ఇంజెక్షను పేరు చెప్పింది. ఆ పేరు నాకు కంఠతా వచ్చు.

"అది వద్దు డాక్టర్. నా పెద్దపిల్ల చెవులు పోయింది దానితోనే," అన్నాను.

ఆవిడ జోవెలిన్ వంకా, పెట్టె వంకా చూసింది. "వేరే మందు ఒక్కటే ఇచ్చి కూర్చునే ధైర్యం నాకు లేదమ్మా. రెండూ కలిపి ఇవ్వాలి. బరువు తూచి ఇస్తాను, రోజులు లెక్కపెట్టి ఇస్తాను. వద్దంటే బలవంతం చెయ్యను."

"ఆలోచించుకోవడానికి ఎంత సేపుంది?"

"సేపు లేదు."

ఇవ్వమన్నాను. నేనే అన్నాను. నీ మూడు ప్రశ్నలూ అడిగాను. తక్కెడ చూపించింది, ఏడు రోజులంది, ఆరో నెలలో చెవులు చూడాలంది. అడగకముందే చెప్పేదేమో, నాకు ఆగలేదు. అత్త కాళ్ళు పట్టుకుంది. పట్టుకుంటూ ఏడ్చింది. ఆవిడ ఏడవడం నేను ఎప్పుడూ చూడలేదు.

ఏడో రోజు పొద్దున సూది ఇచ్చి, "ఇదే ఆఖరు," అని డాక్టరు సంచీ సర్దింది. మధ్యాహ్నానికి వాడి ఒళ్ళు మళ్ళీ వెచ్చబడింది. కొంచెమే. నేను వాడిని ఎత్తుకుని ఆరోగ్యకేంద్రానికి పరిగెత్తాను.

"ఇంకో ఐదు రోజులు ఇవ్వండి."

ఆవిడ ధర్మామీటరు చూసి, "అక్కర్లేదు. రేపటిదాకా చూద్దాం," అంది.

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. అనకూడని మాటలు అన్నాను, అవి ఇక్కడ రాయను. చెవులు పోతే పోనీ, ఇవ్వమన్నాను. పక్కనే జోవెలిన్ నిలబడి నా నోటి వంకే చూస్తోంది. దాని ముందే అన్నాను. ఆ సీసా నా చేతిలో ఉంటే, సూది వెయ్యడం నాకు వచ్చి ఉంటే, ఇచ్చేదాన్ని. ఎన్ని రోజులని లెక్కపెట్టేదాన్ని కాదు.

డాక్టరు నా చెయ్యి విడిపించుకుని, కుర్చీ వేసి కూర్చోబెట్టింది. సాయంత్రం దాకా నన్ను అక్కడే ఉంచింది. మర్నాటికి జ్వరం దిగిపోయింది. మళ్ళీ రాలేదు. నాకు వద్దని చెప్పడానికి ఆవిడ ఉంది. నీకు ఎవరూ లేరు.

ఇది జరిగి రెండు నెలలయింది. రాయాలని కూర్చుంటే చెయ్యి సాగలేదు. దాచినందుకు నా కోపం ఇంకా పోలేదు, మనాంగ్. పోయిందని రాస్తే అబద్ధం అవుతుంది, అబద్ధాలు చాలు. అది వేరు, సూది సంగతి వేరు. సూది సంగతి నువ్వు ఇక ఎత్తకు. నేనూ ఎత్తను.

బడికి వస్తున్నాం. నేను, జోవెలిన్, చంకలో రోడెల్. క్రిస్పులో ఈ ఏడు నెగ్రోస్ మానేసి ఇక్కడే పొలం పని చూసుకుంటానన్నాడు, అత్త ఒంటరిగా ఉండదు. హాస్టలుకి మారకు. పగలు నేను బడిలో ఉంటే రోడెల్‌ని ఎవరు చూస్తారు? నీ నైట్ డ్యూటీలు ఎప్పుడెప్పుడో రాసి పంపు. ఆగస్టులో వాడి చెవులు అక్కడే చూపిద్దాం. ఈసారి డాక్టరు ఏ భాషలో అడిగినా సరే, ముందు నాకు చెప్పు. జవాబు నేను చెబుతాను.

జోవెలిన్‌కి మాటలు నాలుగు వచ్చాయి. ఇంట్లోవాళ్ళకి మాత్రమే అర్థమవుతాయి. చేతులతో కూడా నేర్పించు. దాని కలలో ఏముందో నాకు తెలియాలి.

జూన్ ఐదో తారీకు ఆదివారం తెల్లారేసరికి ఓడ వస్తుంది. రేవుకి నువ్వే రా. నిన్ను చూసి ఏడాది దాటింది, జోవెలిన్ గుర్తుపట్టకపోవచ్చు. చెయ్యి పట్టుకుని లాగకు, బెదురుతుంది. కింద కూర్చో, మొహం వెలుతురులో ఉండేట్టు చూసుకో, నీ పేరు చెప్పు. అరవకు. మొదటిసారికి అందదు, మళ్ళీ చెప్పు.

మినింగ్